చుట్టకుదురు కింద

వానాకాలం వచ్చిందంటే, బర్మాలోని మా యాంగాన్‌లో బీరువా తెరవడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. తోలు చెప్పుల మీద తెల్లటి నూగు, గోడ మూలన నల్లటి చుక్కలు, మడతపెట్టిన చీరల్లోంచి ముక్కిన వాసన. అందరికీ అది బూజు వాసనే. నాకు మాత్రం అందులో పసుపు కూడా తగులుతుంది, పసుపు వెనకాలే, మేం అప్ప అని పిలిచే మా అక్క జుట్టు గుర్తొస్తుంది.

ఊరి అంచున తాకేటా పేటలో మాది కర్రల మీద నిలబెట్టిన రేకుల ఇల్లు. వాన మొదలైతే సందంతా కాలవే. పిల్లలం అందులోనే కాగితం పడవలు వదిలి, నీళ్లు తియ్యగానే ఆ బురదలోనే తొక్కుడుబిళ్ల గీసుకునేవాళ్లం. సేక్కాన్ రేవులో పని దిగి తడిసిన లుంగీతో వచ్చిన నాయన కాలివేళ్ల సందుల్లో ఒరిసినచోట పసుపు అద్దుకునేవాడు. నాయనమ్మ గుమ్మంలో కూచుని, లావుపాటి బర్మా చుట్టని మా సీకాకుళం ఆడవాళ్ల పద్ధతిలో నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగుతూ, వానని పేరుపెట్టి తిట్టేది. ఏ బట్టా పూర్తిగా ఆరేది కాదు. తడిబట్టలోనే పెరిగామంటే అబద్ధం కాదు.

ఆషాఢంలో అమ్మవారికి ఘటాలు ఎత్తేవాళ్లం. బూరెల చమురు వాసన, పులిహోర, కొబ్బరిపాలు పోసిన పరమాన్నం, సాయంత్రం కాగానే డప్పు. పసుపునీళ్లు నిండిన ఘటాన్ని ఆడపిల్లలు వంతులవారీగా నెత్తిన పెట్టుకుని సందులన్నీ తిరిగేవారు. ఘటం కింద చుట్టకుదురు ఉండేది. నాయనమ్మ అత్తగారు ఓడెక్కి వచ్చినప్పుడు కట్టుకున్న చీరని చుట్టి చేసింది. దాన్ని ఉతక్కూడదు, ఎండలో వెయ్యకూడదు. ఉతికితే అమ్మవారి సత్తువ పోతుందని మావాళ్ల నమ్మకం. పసుపునీళ్లు కారుతూ అది ఒక తల మీంచి ఇంకో తలకి మారి, చివరికి మూతపెట్టిన బుట్టలోకి పోయేది. తడి, వెచ్చదనం, చీకటి: బూజుకి అంతకంటే ఏం కావాలి?

ముందు ఘటం ఎప్పుడూ మా అప్ప నూకరత్నానిదే. ఆమె జడ నడుము దాటి ఊగుతుంటే బర్మా ఆడవాళ్లు కూడా ఆగి చూసేవారు. అప్పకి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే ఊపి మరీ నడిచేది. ఒక ఏడు ఆమె తల దువ్వుతున్న అమ్మ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. నడినెత్తిన బొట్టుబిళ్లంత మేర వెంట్రుకలు మొదలంటా విరిగి, తెల్లటి పొట్టు రాలుతోంది.

“ఓలమ్మో, ఇదేటే రత్నం?”

“దురదేత్తందమ్మా, అంతే,” అంది అప్ప.

నాయనమ్మ చుట్ట తియ్యకుండానే తీర్పు చెప్పేసింది. “అది ఘటం కూకున్న సోటే. అమ్మోరు సెయ్యేసింది. మందూ మాకూ ముట్టించకండి.”

అమ్మ అత్తగారికి ఎదురు చెప్పే మనిషి కాదు. చాటుగా కిళ్లీ కొట్టుకి వెళ్లి ఎర్ర ట్యూబు తెచ్చింది. మా పేటలో ఒంటిమీద ఏం లేచినా అదే మందు. రెండు పూతలకే ఎరుపు పోయింది, దురద చల్లారింది. అమ్మవారు చల్లబడిందని నాయనమ్మ, మందు పనిచేసిందని అమ్మ, ఎవరికివారు సంబరపడ్డారు. ఆ ట్యూబులో ఉన్నది మంటని అణిచే స్టెరాయిడ్. అది తామర తెచ్చే బూజుని చంపదు, బూజుతో పోరాడే ఒంటిని జోకొడుతుంది. పైన అంతా నెమ్మదిగా ఉంటే, కింద తామర మూలమూలకీ పాకింది. మచ్చ మెత్తటి గడ్డై చీము కారింది, జ్వరం వచ్చింది, దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చింది. అప్ప అద్దాన్ని గోడవైపు తిప్పేసింది.

నాయన ఎవరి మాటా వినకుండా కాలవ అవతలున్న బర్మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూసింది, ఎందుకంటే దురద పెట్టే ప్రతి మచ్చా తామర కాదు. ఆవిడ చెప్పిందేమిటంటే, బూజు కూడా ప్రాణే, దాని పొరలో మన ఒంట్లో లేని ఒక కొవ్వు ఉంటుంది, చాలా పూతమందులు ఆ కొవ్వుని తయారుకానివ్వకుండా పొరకి చిల్లులు పెడతాయి. చేతిమీదో మెడమీదో మచ్చైతే పూత చాలు, అంచు దాటించి రాయాలి, మానినట్టు కనిపించాక కూడా కొన్నాళ్లు రాయాలి. కానీ వెంట్రుక కుదురులోకి పూత దిగదు. దానికి మాత్రే మింగాలి. ఆ మందు రక్తంలోంచి కొత్తగా పుట్టే వెంట్రుకలోకి చేరుతుంది, అందులో బూజు పెరగలేదు. చెడ్డ వెంట్రుక పోయి మంచిది ఎదిగేదాకా వారాల తరబడి మింగాల్సిందే.

“దురద ఆగినా ఆపొద్దన్నాది, ఇనపడిందా?” అని నాయన ఇంటికొచ్చి అందరికీ వినిపించేలా అరిచాడు.

విన్నారు. కానీ గడ్డ అణిగేసరికి అమ్మవారిని సాగనంపే అనుపు రోజు దగ్గరికొచ్చింది. మందు మింగే పిల్ల ఆ రోజు ఘటం ఎత్తకూడదు. నాయన పనిలో ఉండగా నాయనమ్మ మాత్రలు ఆపించింది, అప్ప కూడా సంతోషంగా తలూపింది. అదే చుట్టకుదురు, అదే తల. ఈసారి వచ్చింది ముందుకంటే ఎక్కువ. మళ్లీ మాత్రలు, కాలేయం ఎలా ఉందో చూడ్డానికి రక్తపరీక్షలు. తామర పోయింది గానీ, నడినెత్తిన కుదుళ్లే చచ్చిపోయాయి. ఆ చోటు నున్నగా అరచెయ్యిలా మిగిలింది. చచ్చేదాకా నాయనమ్మ అప్పనే ఎక్కువ ముద్దు చేసింది. అందుకే నాయనమ్మ మీద నా కోపం పూర్తిగా పోనూ పోదు, నిలవనూ నిలవదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు, అమ్మానాయనా లేరు. ఇల్లున్నచోట పెద్ద మేడ లేచింది, తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు కనపడరు, అడ్డపొగ తాగేవాళ్లు ఒక్కరూ లేరు. ఘటాలు నాలుగైనా లేస్తే గొప్ప. తామర మాత్రం ఎక్కడికీ పోలేదు. వెనక లొంగిన పూతలకి ఇప్పుడు లొంగడం లేదని డాక్టర్లే అంటున్నారు.

మొన్న గుడి దగ్గర ఒక పడుచు తల్లి కూతురి పాపట విడదీసి అదే ఎర్ర ట్యూబు రాస్తుంటే అప్ప చూసింది. ఇన్నేళ్లూ మా బావకి కూడా సరిగ్గా చూపించని తలని, అందరి మధ్యా కొప్పు విప్పి, వంచి చూపించింది.

“సూడమ్మా. అది రాయకు. డాక్టరు కాడికి తీస్కెల్లు.”

ఆ తల్లి చూసింది, పాపం, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. “అయ్యో అప్పా! మా గుంటకి అంత నేదులే. రాత్తంటే తగ్గిపోతంది,” అని ట్యూబు మూత బిగించింది.

డప్పు మొదలైంది. తల్లి తడి గుడ్డ చుట్టి పిల్ల నెత్తిన పెట్టి, దానిమీద ఘటం ఎత్తింది. ఆ పిల్ల రెండు చేతులతో ఘటాన్ని పట్టుకుని, గోక్కోవడానికి చెయ్యి ఖాళీ లేక, మొహం చిట్లించుకుంటూ నడిచింది.