శంకరప్ప ఫియట్

ధర్మవరంలో పట్టుచీరలు నేసే శంకరప్ప సాయంత్రం మగ్గం దిగగానే పెరట్లోని ఫియట్ కారెక్కి కూర్చునేవాడు. తండ్రి పోయాక ఏళ్ల తరబడి కదలని కారది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. మిగిలిపోయిన పట్టుపోగులతో ప్లగ్గులు తుడిచేవాడు. ఎదురుగా గోడే ఉన్నా స్టీరింగు తిప్పుతూ, కుడిచెయ్యి బయటికి చాపి మలుపు సైగ చేసేవాడు. భార్య కుళ్ళాయమ్మ విసిగిపోయింది. "ఈ ఆదివారం కదలకుంటే పాత ఇనుమోళ్లకు ఇచ్చేస్తా సూడు" అంది.

తొంభై ఎనిమిది వేసవిలో, ఆ ఆదివారం పొద్దున, వీధి వీధంతా కలిసి పెరట్లోంచి రోడ్డు మీదికి లాగి తోస్తే కారు దగ్గి, నల్లగా పొగ కక్కి, స్టార్టయింది! శంకరప్ప ఒక చుట్టు తిరిగొస్తూ కేకపెట్టాడు. "ఎక్కుమే! నిలిపితే మళ్లా లేస్తాదో లేదో!" ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టి కారు పక్కనే పరుగెత్తింది. ఆయన లోపలినుంచి తలుపు తెరవగానే దూకి సీట్లో పడింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఊరు దాటాక ఆయన అడిగాడు. "ఇంగ ఇంటికి తిప్పేదా?"

"ఇంట్లో ఏముండాది? బత్తలపల్లిలో మా అక్క ఉండాది, ఆడికి పోనీ."

"ఆడ నిలపడానికి లేదే!"

"నిలపొద్దులేయ్యా. ఆయమ్మ ఇంటి ముందర హారన్ కొడతా మూడు సుట్లు తిప్పు, సాలు!"