సినిమా టైంలో మాబున్ని ఆట

నంద్యాలలో ఆరేళ్ళుగా కేబుల్ టీవీ నడుపుతున్నవాడు చేయాల్సిన తప్పు కాదు, పోయిన వారం నేను చేసింది. చెప్తా, నవ్వుకోండి.

మా కంట్రోల్ రూం ఒక ఆసుపత్రి మేడ మీద ఉంది. కింద పిల్లల వార్డులో మాబున్ని అని తొమ్మిదేళ్ళ పాప. వాళ్ళ నాయన మస్తాన్ ఆళ్ళగడ్డలో ఇళ్ళ నేలకు బేతంచెర్ల రాతి బండలు పరుస్తాడు. ఒక బండ జారి పాప కుడిచేతి మీద పడింది. ఎముక అతుక్కుంది, కట్టు విప్పారు. కానీ పాప భయంతో వేళ్ళు కదపదు. నర్సు వస్తే చాలు, చెయ్యి దుప్పట్లో దాచేస్తుంది. ఇప్పుడు కదపకపోతే వేళ్ళు బిగుసుకుపోతాయి, పెన్సిల్ కూడా పట్టుకోలేదు అని డాక్టరమ్మ చెప్పేసింది. మస్తాన్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

బటన్లు నొక్కే ఆశకైనా వేళ్ళు కదుపుతుందని మా పిల్లల వీడియో గేమ్ పట్టుకొచ్చా. వార్డు టీవీ పాతది, గేమ్ వైరు పెట్టే చోటే లేదు. ఆ టీవీకి వచ్చేదీ మా కేబులే కదా, అప్పుడు తట్టింది నాకు బ్రహ్మాండమైన ఐడియా. కిటికీలోంచి వైరు పైకి లాగి, మా రూంలో సినిమాలేసే వీసీఆర్ వైరు పీకి, అక్కడ గేమ్ వైరు గుచ్చా. కిందికొచ్చి చూస్తే టీవీలో గుంతలు దాటుకుంటూ ఉరికే బొమ్మ! సైంటిస్టులా ఫీలైపోయా.

ఆ టీవీలో వస్తే ఊళ్ళో అన్ని టీవీల్లోనూ వస్తుందని, అది మధ్యాహ్నం రెండింటి సినిమా టైమని, గుర్తుంటే ఒట్టు.

పైన ఫోన్ మోగింది. ఉరికా.

"ఏందప్పా, హీరో తల్లి సచ్చిపోతాంటే మధ్యలో ఈ బొమ్మోడు యాడ నుంచి ఎగురుతాండాడు?"

అప్పటికి గానీ వెలగలేదు నాకు. వైరు పీకబోతుంటే కింద నుంచి నర్సు కేక. "అన్నా, పాప బొటనవేలు వంచింది!"

నా చెయ్యి ఆగిపోయింది. పోతే పోనీ సినిమా అనుకున్నా. ఫోన్ చేసినవాళ్ళందరికీ అదే పాట. "ఆడేది ఆసుపత్రిలో పాపన్నా. చెయ్యి పనిచేయాల. కొంచెం ఓపిక పట్టుకోండి."

అరగంటకు తిట్లు ఆగాయి, సలహాలు మొదలయ్యాయి. ఒక పెద్దావిడ చెప్పింది. "గుంత కాడికి పోకముందే ఎగరమని చెప్పు నాయనా, పాపం ప్రతిసారీ పడిపోతాండాది." నేను కిటికీలోంచి కిందికి అరవడం, మాబున్ని రెండు చేతులా బటన్లు నొక్కడం. నాలుగింటికి గుంత దాటేసింది. మస్తాన్ కళ్ళు తుడుచుకుంటూ కిటికీలోంచి నాకు దండం పెట్టాడు. నాకూ కళ్ళు తడిశాయి.

మూడు రోజులాడి పాప ఇంటికెళ్ళిపోయింది. ఊరు మాత్రం నన్ను వదల్లేదు. "సినిమా ఏం వద్దు, ఆ ఆట ఎయ్యప్పా" అని ఒకటే ఫోన్లు. సరే, నిన్న నేనే కూర్చుని ఆడా. నంద్యాల మొత్తం చూస్తుండగా మొదటి గుంతలోనే ఆరుసార్లు పడ్డా.

చెకప్‌కని వచ్చిన మాబున్ని అదంతా వార్డు టీవీలో చూసిందట. మేడెక్కి వచ్చి, ఆ కుడిచేత్తోనే నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసింది. జాలిగా అడిగింది.

"నీకు కట్టు ఎప్పుడు ఇప్పినారు మామా?"