మాబున్నీ ఆపా మూడు కొండలు

ఈ ఏడాది యాత్ర బస్సు ఆదోనిలో బయలుదేరిన ఉదయం, ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి లవంగం తీసి పంటికింద వేసుకుంది. చలికి కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఆ ఘాటు వాసన మెల్లగా బస్సంతా పరుచుకుంది. చేతిలో మైకు పట్టుకుని, ఎక్కాల్సిన వాళ్ళందరూ ఎక్కారో లేదో చూస్తున్న నేను చటుక్కున వెనక్కి తిరిగాను. మాబున్నీ ఆపా నా భుజం వెనక నిలబడి ఉందనిపించింది. డ్రైవరు అద్దంలో నన్ను చూసి, "ఏమక్కా, ఎవురన్నా రావాల్నా?" అని అడిగాడు. "లేదప్పా, పోనీ" అన్నాను. ఆపాకు గొంతే పెట్టుబడి. దాన్ని కాపాడుకోవడానికి రోజంతా లవంగాలు నములుతూ ఉండేది. ఆమె పక్కన నడిచిన వాళ్ళందరికీ ఆ వాసన అంటుకునేది.

ఆపా అసలు పేరు మహబూబున్నీసా. ఆదోనిలో అందరికీ మాబున్నీ ఆపా, అంటే మాబున్నీ అక్క. పుట్టి పెరిగింది విశాఖపట్నం పాతవూళ్ళో, హార్బరు పక్కన. వాళ్ళ నాయన ఓడల్లోంచి సరుకు దించే పనిచేసేవాడట. పెళ్ళయి ఆదోనికి వచ్చింది. ఆమె భర్తకు పత్తి మార్కెట్టు దగ్గర గోనెసంచుల అంగడి ఉండేది. "కొత్తల్లో పొద్దున్నే లేసి కిటికీ తెరిసేదాన్ని. ఎటు సూసినా బండలే. నీళ్ళు యాడికి పోయినాయబ్బా అని ఏడ్సేదాన్ని" అని నవ్వుతూ చెప్పేది. భర్త పోయి, కొడుకులు అంగడి చూసుకోవడం మొదలుపెట్టాక, చుట్టుపక్కల ఆడవాళ్ళను కొందరిని కూడగట్టి తన పుట్టినవూరు చూపించడానికి తీసుకుపోయింది. తిరిగొచ్చిన వాళ్ళు చెప్పిన కబుర్లు విని మరికొందరు మేమూ వస్తామన్నారు. అట్లా ఏటా చలికాలంలో ఒక బస్సు మాట్లాడుకుని ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, హొళగుంద వైపు ఆడవాళ్ళను సముద్రం దగ్గరికి తీసుకుపోవడం ఆమెకు పనిగా మారింది. ఎక్కేవాళ్ళలో చాలామంది మంత్రాలయం దాటి ఎరగరు. తుంగభద్రకు నీళ్ళొచ్చినప్పుడు చూసిందే వాళ్ళు చూసిన పెద్ద నీళ్ళు.

మాది ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. చిన్నప్పటి నుంచీ నాకు నత్తి. అన్ని మాటలకూ కాదు, కొన్ని అక్షరాల దగ్గర గొంతు తలుపు వేసుకునేది. అందులో 'క' నాకు పరమ శత్రువు. నత్తి ఉన్నవాళ్ళు పైకి మూగవాళ్ళలా కనిపిస్తారు గానీ, లోపల ఒక పెద్ద వ్యాపారమే నడుస్తూ ఉంటుంది. రాబోయే మాటను దూరం నుంచే పసిగట్టి, దాని చోట ఇంకో మాటను తెచ్చి పెడుతుంటాం. నేను కూర అనను, పప్పు అంటాను. కాళ్ళు నొప్పి అనను, నడవలేనంటాను. మాట కుదరనప్పుడు తల ఊపి ఊరుకుంటాను. ఇంట్లోవాళ్ళు పాపం మంచివాళ్ళే. నేను నోరు తెరవగానే మిగతాది వాళ్ళే పూర్తిచేసేవారు. వాళ్ళు పూర్తిచేసింది నేను చెప్పాలనుకున్నది కాకపోయినా, మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేక అవునని తల ఊపేదాన్ని. అట్లా నేను అడగని అన్నం తిన్నాను, కోరని చీరలు కట్టాను.

మా చిన్నమ్మ ఆపా బస్సులో వంట చేసేది. ఒక ఏడు ఆమెకు మోకాలు వాచి కదల్లేకపోతే నన్ను పంపించింది. ఆదోనిలో ఆపా ఇంటి ముందు గిన్నెలు సర్దుతుంటే ఆపా వచ్చి, "నీ పేరేమి అమ్మీ?" అని అడిగింది. నా పేరు కమల. కొత్తవాళ్ళు అడిగితే నేను ఎప్పుడూ చెప్పే పేరే చెప్పాను. "లక్ష్మి."

రెండో రోజు దారిలో టీ తాగడానికి బస్సు ఆపినప్పుడు, మా వూరి నాగమ్మ "కమలా, ఓ కమలా" అని నన్ను పిలిచింది. ఆపా గ్లాసు పట్టుకుని నా వైపు చూసింది. నాకు చెమట పట్టింది. ఆమె నన్ను పక్కకు తీసుకుపోయి ఒక రాతి మీద కూర్చుంది.

"నీ పేరు కమలా?"

తల ఊపాను.

"తల ఊపితే నాకు ఇనపడదు. నువ్వే సెప్పు."

ప్రయత్నించాను. గొంతు బిగుసుకుపోయింది. దవడ వణికింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు అలవాటైన సాయం కోసం ఆమె ముఖంలోకి చూశాను, ఆ మాటేదో తనే అనేసి నన్ను వదిలేస్తుందని. ఆపా అనలేదు. టీ కూడా తాగలేదు. నా నోటిని కాదు, నా కళ్ళను చూస్తూ కూర్చుంది. బస్సులోంచి ఎవరో కేకేస్తే చెయ్యెత్తి ఉండమంది. చివరికి "కమల" అన్నాను.

"మంచి పేరు. దీన్ని దాసిపెట్టుకుంటే ఎట్ల?" అంది. అంతే. అప్పుడు చల్లారిన టీ తాగి లేచింది. దాని గురించి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

బస్సు విశాఖపట్నంలోకి రాగానే ఆపా మాటే మారిపోయేది. ఆదోని యాస పోయి చిన్నప్పటి యాస నాలుక మీదికి వచ్చేది. "ఏటమ్మా అలాగ సూస్తన్నారు, దిగండి దిగండి" అనేది. మా వాళ్ళు పడీపడీ నవ్వేవారు. అక్కడి అంగళ్ళలో మావాళ్ళు "యాడుండాది?" అని అడిగితే ఆ ఊరివాళ్ళకు అర్థం అయ్యేది కాదు. మధ్యలో ఆపా నిలబడి, తెలుగుకూ తెలుగుకూ దుబాసీ పని చేసేది. సింహాచలంలో గంధం కింద దాగిన నరసింహస్వామి గురించి ఆమె చెబుతుంటే మా వెంట లేనివాళ్ళు కూడా వచ్చి చుట్టూ మూగేవారు. ఆమె గుడి లోపలికి వచ్చేది కాదు. బయట అందరి చెప్పుల దగ్గర కూర్చుని, వచ్చాక ఒక్కొక్కరినీ "స్వామి బాగా కనిపించినాడా?" అని అడిగేది. బీచిలో సబ్‌మెరైను చూపించేది, కైలాసగిరి చూపించేది. కానీ ఆమె ప్రాణమంతా హార్బరు పక్కనున్న ఆ మూడు కొండల మీదే. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చిన్నప్పుడు రోజూ ఏదో ఒక కొండ ఎక్కేదట. "గుడి కాడ పులిహోర పెట్టేటోళ్ళు, దర్గా కాడ మా అవ్వ కూసుండేది, చర్చి కాడ గాలి బాగుండేది. నాకు మూడూ కావల్సిందే" అనేది.

మొదటిసారి నాగమ్మ దర్గా కొండ ఎక్కనని మొండికేసింది. ఆపా బలవంతం చేయలేదు. మిగతావాళ్ళను నాకు అప్పగించి పైకి పంపి, తాను కింద నాగమ్మ పక్కన కూర్చుంది. మేం దిగి వచ్చేసరికి ఇద్దరూ కోడళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. మరుసటి ఏడు నాగమ్మ ఎవరూ అడక్కుండానే ఎక్కింది. ఎందుకని అడిగితే, "ఆయమ్మ నాకోసం తన దేవుని కాడికి పోకుండా కూసునె. నాకే ఏమోలా అనిపించె" అంది.

నేను ప్రతి ఏడూ పోతూనే ఉన్నాను. వంటతో మొదలుపెట్టి, గదులు చూడడం, జబ్బుపడ్డ వాళ్ళను కనిపెట్టుకోవడం దాకా అన్నీ నా మీదికి వచ్చాయి, మాట్లాడడం తప్ప. అది ఆపాది. తర్వాత ఒక వేసవిలో ఆమె గొంతు బొంగురుపోయింది. పైత్యమన్నారు, దుమ్మన్నారు. కర్నూలులో పెద్ద డాక్టరు చూసి గొంతులో గడ్డ ఉందన్నాడు. ఆపరేషను జరిగింది. ప్రాణం నిలిచింది గానీ గొంతు పోయింది. మిగిలింది ఊపిరితో కలిసి వచ్చే గుసగుస మాత్రమే. చూడడానికి ఆదోనికి వెళ్ళినప్పుడు ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్ద కొడుకు నాతో, "ఈ ఏడు యాత్ర వద్దక్కా. అందరికీ సెప్పేస్తాం" అన్నాడు. ఆపా చెయ్యి ఊపింది. నన్ను దగ్గరికి రమ్మంది. చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"బస్సు ఆపొద్దు. నువ్వు సెప్పు."

"నేను చెప్పలేనాపా. అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వి నిలిపేస్తారు గదా, అప్పుడు సెప్పు."

ఆ మాటకు నేను కోపంగా లేచి వచ్చేశాను. నా బాధ ఆమెకు తెలియదనుకున్నాను. బస్సు ఎమ్మిగనూరు చేరేలోగా తెలిసింది, నా బాధ అంతగా తెలిసిన మనిషి ఇంకెవరూ లేరని. గొంతు దగ్గర మాట ఆగిపోవడమంటే ఏమిటో ఇప్పుడు ఆమెకూ తెలుసు. ఆ చలికాలం బస్సు కదిలింది. ఆపా, కొడుకులు వద్దన్నా వినకుండా వచ్చి, నా పక్కన కూర్చుంది.

దారి పొడుగునా ఎట్లాగో నెట్టుకొచ్చాను. సింహాచలం 'స'తో మొదలవుతుంది కనుక బతికిపోయాను. మేరీమాత చర్చి దగ్గర మాత్రం దొరికిపోయాను. అందరూ గోడ పక్కన నిలబడ్డారు. కింద హార్బరు, ఎదురుగా సముద్రంలోకి ముక్కు చాచిన డాల్ఫిన్ నోస్ కొండ. ఇది మేరీమాత కొండ అని మొదలుపెట్టాలి. నా అలవాటు కొద్దీ "ఇది మేరీమాత గుట్ట" అన్నాను.

ఆపా నా మోచేయి పట్టుకుంది. గుసగుసగా, నాకు మాత్రమే వినపడేట్టు, "గుట్ట కాదు" అంది. ఇన్నేళ్ళూ నేను మాటలు మార్చే సంగతి ఆమెకు తెలుసునన్నమాట.

"ఇది మేరీమాత క..." అన్నాను. అక్కడే ఆగిపోయాను. గొంతు తలుపు వేసుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. ముందు నిలబడ్డ ఒకామె జాలిపడి, "కొం..." అని అందించబోయింది. ఆపా ఆమె వైపు అరచెయ్యి చూపి ఆపింది. తర్వాత సముద్రం వైపు తిరిగి, గోడకు ఆనుకుని నిలబడింది, తొందరేమీ లేనట్టు. ఆమెను చూసి ఒక్కొక్కరే అటు తిరిగారు. అప్పుడే సముద్రం నుంచి హార్బరులోకి తీసిన కాలువలోంచి ఒక ఓడ లోపలికి వస్తోంది. అంత పెద్ద ఇనుప శరీరం చప్పుడు లేకుండా కదులుతుంటే అందరూ నన్ను మరిచిపోయారు. నేనూ నన్ను మరిచిపోయాను. ఓడ మలుపు తిరిగాక నా నోట్లోంచి "కొండ" అని వచ్చింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆ వెనకే మిగతాదంతా చెప్పాను, ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ.

దిగేటప్పుడు నాగమ్మ నా చెయ్యి పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ, "ఆపా గబగబా సెప్తా ఉన్నెమ్మా. ఆయమ్మ మాట ఇంటే సూసేకి కాదు, సూస్తే ఇనేకి కాదు. నువ్వు నిదానంగా సెప్పినావు, ఓడంతా సూసుకుంటి" అంది. నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదది. ఆమెకు అట్లా ఓదార్చడం రాదు. వెనక వస్తున్న ఆపా విని, గొంతు లేకుండా నవ్వింది. భుజాలు మాత్రం అదిరాయి.

ఆమె ఇంకో యాత్రకు వచ్చింది. అదే చివరిది. అప్పటికి మెట్లు ఎక్కలేకపోయేది. మిగతావాళ్ళు బీచిలో నీళ్ళలోకి దిగి కేరింతలు కొడుతుంటే మేమిద్దరం ఇసుకలో కూర్చున్నాం. సాయంత్రం ఎండ వాలుతోంది. ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"అందరికీ నేనే సెప్పినా. నాకెవురూ సెప్పలేదు. నువ్వు సెప్పు."

"ఏం చెప్పాలాపా? ఇది నీ వూరే గదా."

"అందుకే."

చెప్పాను. ఆదోని నుంచి వచ్చిన ఆడమనిషికి చెప్పినట్టే, మొదటి నుంచీ. అమ్మా, ఇది సముద్రం, దీనికి అవతలి ఒడ్డు కనపడదు. అదిగో, ఆ కొండల కింద ఒక వీధి ఉంది. ఆ వీధిలో ఓడల్లో పనిచేసే ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఒక కూతురు. ఆ పిల్లకు మూడు కొండలూ కావాలి. ఒక్కో మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆగిన ప్రతిసారీ ఆమె నీళ్ళ వైపు చూస్తూ నా మాట కోసం కూర్చుంది. చెప్పడం అయిపోయాక నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "బాగుండాది ఊరు" అంది, మొదటిసారి చూసినట్టు. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలోనే ఆమె పోయింది. ఆదోనిలో, ఆ బండల మధ్యే మట్టి ఇచ్చారు.

నత్తి నాకు పోలేదు. మైకులో ఇప్పటికీ ఆగిపోతాను. ఆ భయం మాత్రం పోయింది. ఆపా వల్ల నాకు ఇంకొకటి అబ్బింది. మొన్న యాత్ర నుంచి వచ్చాక మా పక్కింటి రామన్న మామను చూడడానికి పోయాను. జీవితమంతా మగ్గం నేసిన మనిషి. పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. నన్ను చూడగానే ఏదో అనబోయాడు. "ఓ... ఓ..." అన్నాడు. వంటింట్లోంచి కోడలు వచ్చి, "నీళ్ళు కావాల్నా మామా? బయటికి పోవాల్నా? పడుకుంటావా?" అని వరసగా అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని, అలసిపోయి, తల ఊపబోయాడు. ఆ తల ఊపు నాకు బాగా తెలుసు. కోడలిని ఉండమన్నాను. మంచం పక్కన కింద కూర్చుని ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఆగాడు. చెమట పట్టింది. మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఓడ... ఎన్ని... మగ్గాలంత... ఉంటాది?"

నేను ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. మా ఇద్దరికీ చాలాసేపు పట్టింది.