పాలమూరు బస్సెక్కిన గోలీలు

మా వీధి చివరి మందుల షాపువాడు గోలీల పట్టీని కత్తెరతో కత్తిరించి ఇచ్చే తీరు మీద నాకు చాలాకాలంగా ఫిర్యాదు ఉంది. మందు పేరున్న ముక్క ఎప్పుడూ అతని దగ్గరే ఉండిపోతుంది, గడువు తేదీ ఉన్న ముక్క నాకంటే ముందు వచ్చినవారికి వెళ్ళిపోతుంది, నా వాటాకు మెరిసే రేకు మాత్రం మిగులుతుంది. మొన్న ఆ రేకును వెలుతురులో తిప్పి చూసుకుంటుంటే, పేరు లేని గోలీలను నేనూ ఒకప్పుడు ఊరికి పంపినవాడినేనని గుర్తొచ్చి, అతని మీద కోపం కొంత తగ్గించుకున్నాను.

ఎనభైల మొదట్లో బొంబాయి కామాటిపుర పదో గల్లీలో, చాల్ అనే వరస గదుల పాత మేడలో, మాది రెండో అంతస్తు ఖోలీ. గది ఒకటి, మనుషులం ఏడుగురం. ఆ చాల్‌లో బి.ఏ. చదువుతున్నది నేనొక్కడినే కావడంతో రేషన్ కార్డు అర్జీ నుంచి ఆస్పత్రి చీటీ దాకా ఇంగ్లీషు అక్షరం ఏది కనపడినా నా దగ్గరికే తెచ్చేవారు. అర్థం కాకపోయినా గంభీరంగా తల ఊపడం మాత్రం కాలేజీలో బాగానే నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే బొంబాయిలో తాపీ పని చేసే మా చిన్నాయన, పాలమూరు పల్లెలో ఉన్న మా చిన్నమ్మను, అంటే అమ్మ చెల్లెలిని, బస్సులో తెచ్చి మా ఇంట్లో దించాడు.

చిన్నమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. కలిపి పెట్టిన అన్నం కంచంలోనే ఎండిపోయేది. ఊళ్ళో తాయెత్తు కట్టారట, కోడిని కోశారట; కోడి పోయింది గానీ దిగులు పోలేదు. నాలుగు మైళ్ళవతల సర్కారు దవాఖానాలో, డాక్టరు వచ్చిన రోజున, జ్వరానికిచ్చే తెల్ల గోలీనే దీనికీ ఇచ్చారట. ఒకనాడు ఆమె ఊరి బావి గట్టు మీద చాలాసేపు ఒంటరిగా కూర్చున్నదని విన్నాక చిన్నాయనకు భయం పట్టుకుని, ఇద్దరు పిల్లలను తన తల్లికి అప్పగించి ఆమెను వెంటబెట్టుకొచ్చాడు.

పెద్దాస్పత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టర్లు ఉంటారని మా గల్లీ కాంపౌండరు చెప్పగానే అమ్మ బయలుదేరదీసింది. నల్లా దగ్గర ఆడవాళ్ళు పిచ్చి డాక్టరని గుసగుసలాడితే, బిందె కింద పెట్టి అందరికీ వినపడేలా అడిగేసింది.

"పంటికి డాక్టరుండె, కంటికి డాక్టరుండె. మనసుకుంటె మీకేం కష్టమొచ్చె?"

అలా ప్రతి మంగళవారం అమ్మా, చిన్నమ్మా, దుబాసీగా నేనూ బస్సెక్కేవాళ్ళం. మరాఠీ డాక్టరమ్మ హిందీలో ఓపిగ్గా అడిగేది, నేను ఓపిగ్గా తెలుగులోకి మార్చేవాడిని, చిన్నమ్మ అంతకంటే ఓపిగ్గా ఊరుకునేది. మూడో మంగళవారం మాత్రం నేలచూపులతోనే, పొద్దున కళ్ళు తెరవాలంటే భయమేస్తుందని మెల్లగా చెప్పింది. దాన్ని హిందీలోకి మార్చడానికి నా చదువంతా సరిపోలేదు గానీ డాక్టరమ్మకు ఎలాగో అర్థమైంది. ఇది జబ్బేననీ, నయమవుతుందనీ, గోలీలు నెలల తరబడి మానకుండా వేసుకోవాలనీ చెప్పింది. నెలన్నర గడిచాక ఒకరోజు చిన్నమ్మ పప్పులో ఉప్పు తక్కువైందన్నది. తన వంటకు వంకపెడితే అమ్మ సంతోషించడం నేను అదొక్కసారే చూశాను.

తొలకరికి చిన్నమ్మ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ గోలీలు ఆమె ఊళ్ళో కాదు కదా, పక్క పట్నంలోనూ దొరకవు. రెండు నెలలకొకసారి మనిషి వచ్చి చూపించుకోవాలన్న షరతు మీద మధ్య నెల మందు నా చేతికిచ్చేవారు. నేను వాటిని పొట్లాలు కట్టి, చదువురాని చిన్నమ్మ కోసం ఒకదాని మీద సూర్యుణ్ణి, ఒకదాని మీద చంద్రుణ్ణి గీసి, ఖాళీ పౌడరు డబ్బాలో పెట్టి, ఊరికి పోయే కూలీల చేతికిచ్చేవాడిని. ఒక్క డబ్బా కూడా దారి తప్పలేదు.

అయినా శీతాకాలానికల్లా చిన్నమ్మ మళ్ళీ గోడవైపు తిరిగిందని కబురొచ్చింది. అమ్మా నేనూ ఆ రోజే బస్సెక్కాం. వెళ్ళి చూస్తే సంగతి ఇదీ: సాయంత్రాలు ఆమె గడపలో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు. ఒకామెకు పుట్టిన బిడ్డ దక్కలేదు, ఒకామె మొగుడు బొంబాయి పోయి ఉత్తరం ముక్క రాయలేదు, మూడో ఆమెకు కారణమేదో ఆమెకే తెలియదు. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా ఏదైనా ఒంటరిగా నోట్లో వేసుకోవడం ఆ ఇంట్లో తప్పు. అది మందైనా సరే. చిన్నమ్మ రోజూ చంద్రుడి పొట్లం విప్పి తలా ఒకటి పెట్టి, గోలీలు అయిపోయాక మిగిలిన రోజులు తాను మానేసింది.

మందు ప్రసాదం కాదనీ, ఒకరిది ఒకరు మింగితే ప్రాణం మీదికొస్తుందనీ నేను బి.ఏ. స్థాయికి తగ్గని ఉపన్యాసం ఇచ్చాను. చిన్నమ్మ అంతా విన్నది.

"నాకు అక్క బొంబాయిల ఉన్నది. వాళ్లకెవరున్నరు బిడ్డా?"

జవాబు అమ్మ చెప్పింది, అయితే మాటల్లో కాదు. తిరుగు ప్రయాణంలో చిన్నమ్మతోపాటు ఆ ముగ్గురినీ బస్సెక్కించింది. మా ఏడుగురి గదికి పదకొండుగురం అయ్యాం, నేను వరండాకు బదిలీ అయ్యాను. డాక్టరమ్మ ముగ్గురినీ విడివిడిగా చూసి, ఇద్దరికి మందిచ్చింది, మూడో ఆమెను కూర్చోబెట్టి మాట్లాడింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చిన్నమ్మే దారి నేర్చుకుని, తన ఊరివాళ్ళను, పక్క ఊరివాళ్ళను వెంటబెట్టుకొచ్చేది. డాక్టరమ్మ రమ్మన్న మంగళవారం ఒక్కటీ తప్పనివ్వలేదు. చివరికి మరాఠీలో డాక్టరమ్మతో నేరుగా మాట్లాడి నా ఉద్యోగం ఊడగొట్టింది.

ఇప్పుడా చాల్ మెట్లకు కర్రల ఆసరా పెట్టారు, అమ్మ లేదు, ఎవరి గదిలోనైనా పదకొండుగురికి చోటు దొరికే రోజులూ కావు. అయితే అటువైపు రోజులు మారాయని నాకొక తృప్తి. చిన్నమ్మ ఊరికి దగ్గరి పట్నంలో మనసు డాక్టరు ప్రతి బుధవారం కూర్చుంటున్నాడని విని, పోయిన వారం ఫోన్ చేసి, ఇక బొంబాయి బస్సు అవసరమే లేదని గొప్పగా చెప్పాను. డెబ్బై దాటిన చిన్నమ్మ నన్నే తిరిగి అడిగింది.

"బేస్తారం నాడు పాణం బాగలేనోళ్లు మల్ల బుధారం దాకా ఏం జెయ్యాలె?"