చేప మందుతో తగ్గిందనుకున్నాను

నాచారంలో లేతు మిషన్ మీద పనిచేస్తాను. మా అమ్మాయి శిరీషకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. రోజూ మందు పీల్చమని డాక్టరు పంపు రాసిస్తే, అలవాటైతే జన్మంతా వదలదని నేనే పారేశాను. వరుసగా మూడు మృగశిర కార్తెలకు క్యూలో నిలబెట్టి చేప మందు మింగించాను. పిల్లికూతలు ఆగిపోయాయి. కనబడ్డ వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే, ఇంటర్ చదివే శిరీష డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక నక్కి ఏదో పీలుస్తోంది. ఇంటర్ పిల్లలు పాడు పొగలు పీలుస్తున్నారని పనిలో విన్న మాటలు తలకెక్కాయి.

"ఏంది గది, ఎవడిచ్చిండు?" అంటూ జుట్టు పట్టి లాగి రెండు చెంపలూ వాయించాను. దాని చేతిలోంచి కింద పడిన వస్తువును బూటు మడమతో నలిపేశాను. నలిగాక చూస్తే పంపు.

ఏడుపుతో పిల్లకు ఊపిరి అందలేదు. నా భార్య పరుగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకుంది.

"నేనే ఇచ్చిన. మూడేండ్ల సంది నీకు తెల్వకుండ రోజూ పట్టిస్తున్న. గందుకే తగ్గింది, నీ చేపతోని కాదు."

ఉప్పల్‌లో దవాఖానా చేరేదాకా ఆటోలో నా ఒళ్లో, నేను మింగించిన చేపల్లాగే గిలగిలలాడింది. పెదాలు నల్లబడ్డాయి.

బతికింది. ఇప్పుడు రోజూ పొద్దున పంపు నేనే అందిస్తాను. నా చెయ్యి లేవగానే ముందు చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. తర్వాతే అందుకుంటుంది.

- ఒక తండ్రి, నాచారం