కాస్త అంటే ఎంత?

మా బావగారికి ఈ లోకంలో వైరమంటూ ఉన్నది ఒక్క మాటతోనే. "కాస్త" అనే ఆ మాట ఎవరి నోట, ఎంత మర్యాదగా వచ్చినా సరే, ఆయన కళ్ళజోడు ముక్కు కొసకు దించి, గడ్డం పైకెత్తి, "కాస్త అంటే ఎంత?" అని అడిగి తీరేవారు. జవాబు వచ్చేదాకా తాను కదిలేవారు కాదు, ఎదుటివారిని కదలనిచ్చేవారూ కాదు.

"కాస్త జరగండి, గది తుడవాలి" అనేది మా అక్కయ్య.

"కాస్త అంటే ఎంత?"

"వీధి గుమ్మం దాకా."

ఆయన కుర్చీ ఎత్తుకుని బుద్ధిగా వీధి గుమ్మం దాకా వెళ్ళి కూర్చునేవారు. వాళ్ళ కాపురం ఇటువంటి కొలతల మీదనే నిక్షేపంలా సాగింది.

ఒకసారి పంటి వైద్యుడి దగ్గరకు ఆయనకు తోడు వెళ్ళాను. వైద్యుడు పరికరం చేతబట్టి, "కాస్త నోరు తెరవండి" అన్నాడు.

"కాస్త అంటే ఎంత?"

"ఇప్పుడు తెరిచారే, అంత చాలు" అంటూ వైద్యుడు పన్ను పట్టుకున్నాడు. మా బావగారు జీవితంలో వాదన ఓడిపోవడం నేను చూసింది అప్పుడే.

క్రమంగా ఊరికిది వేడుకైపోయింది. ఆయనకు "కాస్త బాబాయి" అని పేరు స్థిరపడింది. బస్సులో ఎవరైనా "కాస్త ముందుకు జరగండి" అంటే చాలు, ప్రయాణికులూ కండక్టరూ అంతా గడ్డాలు పైకెత్తి, "కాస్త అంటే ఎంత?" అని వంత పాడేవారు.

"పరువు పోతోంది బావగారూ" అన్నాను ఒకనాడు బస్సు దిగాక.

"పోనీవోయ్. కానీ ఆ కండక్టరు 'ఎంత' దగ్గర గొంతు లేపడం లేదు. రేపు చెప్పాలి."

ఈ వైరానికి మూలం లేకపోలేదు. ఆయన కార్మిక న్యాయస్థానంలో వకీలు. చేయించుకున్న పనికి జీతం ఎగ్గొట్టే యజమానుల మీద వ్యాజ్యాలు వేయడమే ఆయన వృత్తి. బోనెక్కిన కూలివాడు, "కాస్త ఎక్కువసేపు చేయించుకునేవారండీ" అనేవాడు. "ఎంతసేపు?" అనేవారు న్యాయమూర్తి. "అదే, కాస్తేనండీ" అనేవాడు మళ్ళీ. వ్యాజ్యం కొట్టివేత. ఒకరి జేబులో చెయ్యి పెట్టినవాణ్ణి దొంగ అంటాం. పదిమంది సాయంకాలాలను ఏళ్ళ తరబడి కాజేసినవాణ్ణి పెద్దమనిషి అని లేచి నిలబడి కుర్చీ వేస్తాం. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడదు.

తరువాత కొత్త చట్టం వచ్చింది. దాని అచ్చుప్రతి నా దగ్గర భద్రంగా ఉంది. పనిగంటలు రాసి ఉంచే బాధ్యత యజమానిది. రాయకపోతే చూసినవాళ్ళ, విన్నవాళ్ళ సాక్ష్యం చాలు. జీతం అడిగిన పాపానికి పనిలోంచి తీసేస్తే అది వేరే నేరం. ముచ్చటైన చట్టం. ఒక్కటే లోటు, ముందుగా ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి.

మా వీధి చివరి లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడకు ఆ నోరే రాలేదు. ఒకనాడు బావగారి వరండాలో కూర్చుని చెప్పుకుంది.

"తాళం వేసే వేళకు మా యజమాని హోటలు దుప్పట్ల మూట దింపుతాడు బాబాయిగారూ. 'చెల్లెమ్మా, కాస్త ఇవి కూడా చేసి వెళ్ళు' అంటాడు. దానికి జీతం లేదు. ఈ నెల మా అమ్మ మందులు కూడా మానిపించాను."

"అడుగమ్మా."

"అడిగితే పొగరంటాడు. రేపటినుంచి రావద్దంటాడు."

"అలా అంటే నేరం."

"ఆ నేరం తేలేదాకా మేం తినేదేమిటి?"

బావగారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ ముక్కు కొసన పెట్టుకున్నారు. చెల్లెలు అని పిలిచి జీతం ఎగవేసే ఈ అన్నగారి మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారంలోనే నా చొక్కాల కోసం లాండ్రీకి వెళ్ళాను. మూసే వేళ. హోటలు గుమాస్తా, నలుగురు పనివాళ్ళు, నాలాంటి ఖాతాదార్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. యజమాని బల్లమీద మూట దింపాడు.

"చెల్లెమ్మా, కాస్త ఇవి కూడా చేసి వెళ్ళు."

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. లేని కళ్ళజోడును ముక్కు కొసకు దించి, గడ్డం పైకెత్తి, అచ్చం మా బావగారి గొంతుతో, "కాస్త అంటే ఎంత?" అంది.

దుకాణమంతా గొల్లుమంది. యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అబ్బో, కాస్త బాబాయి దిగాడు. రెండు గంటలమ్మా తల్లీ."

"రోజూనా?" అంది అదే గొంతుతో.

"రోజూ చేసేదేగా, కొత్తగా అడుగుతావేం?"

"జీతం లేకుండానా?"

"ఇంట్లో మనిషివి, నీకు జీతమేమిటి..." అంటూనే ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. హోటలు గుమాస్తా నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను.

సాక్షులుగా ఇద్దరమూ కార్మిక అధికారి దగ్గరకు వెళ్ళాం. "సరదాకి అన్న మాటలండీ అవి" అన్నాడు యజమాని.

"సరదాకే అన్నారు. మరి అబద్ధమా?" అన్నాడు అధికారి.

ఆవిడకు బాకీ మొత్తం వచ్చింది, ఉద్యోగం ఉంది, వాళ్ళమ్మకు మందులు వచ్చాయి.

"ఆవిడకు ఆ నాటకం నేర్పింది మీరేనా?" అని బావగారిని నిలదీశాను.

"ఆవిడ ఒక్కతేనా? బేకరీలో, ప్రెస్సులో, మందుల కొట్టులో కూడా నా వేషమే నడుస్తోంది" అన్నారాయన పత్రిక మీంచి తలెత్తకుండానే. "పనివాళ్ళు సూటిగా అడిగితే పొగరంటారు. నన్ను వెక్కిరిస్తూ అడిగితే నవ్వుతారు. నవ్వే మనిషికి అబద్ధం అల్లుకునే తీరిక ఉండదోయ్. ముందు నేను నవ్వులపాలైతేనే కదా, వాళ్ళకా వేషం అక్కరకొచ్చేది."

నేనేదో అనబోయేలోగా గుమ్మంలో లాండ్రీ యజమానే ప్రత్యక్షమయ్యాడు. పోట్లాటకు వచ్చాడనుకున్నాను. ఆయన నీళ్ళు నమిలాడు.

"బాబాయిగారూ, మీతో ఓ పని పడింది. హోటలువాళ్ళు నా బిల్లు ఇవ్వడం లేదు. ఎప్పుడడిగినా 'త్వరలో' అంటున్నారు."

బావగారు పత్రిక మడిచారు. కళ్ళజోడు మెల్లగా ముక్కు కొసకు జారింది.

"కూర్చో నాయనా. త్వరలో అంటే ఎప్పుడన్నారు?"

"ఈ ఇంటికి ఇంకో మాట దొరికింది" అంది మా అక్కయ్య లోపలినుంచి.

బావగారి దగ్గర తెచ్చుకున్న పుస్తకాలు త్వరలో తిరిగి ఇస్తానని క్రితం ఏడాదే నేను చెప్పి ఉన్నాను. చప్పుడు చేయకుండా చెప్పులు వేసుకున్నాను.