క్లచ్‌లో పోసిన ఆయిల్

1989 తొలి ఏకాదశి, పగలు పదకొండున్నర. ఫిలింనగర్ ఎత్తు ఎక్కుతుంటే నేను నడిపే కారు క్లచ్ పెడల్ కిందికి పోయి మళ్ళీ పైకి రాలేదు. వెనక సీటులో మా నిర్మాత గారి తల్లి వెంకమ్మ గారు ఉన్నారు.

బోరబండ బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన వచ్చి బానెట్ ఎత్తమన్నాడు. క్లచ్ ఆయిల్ మూత తీసి, వేలు ముంచి వాసన చూశాడు.

"ఏం పోసినవ్ తమ్మీ గిందుల?"

"పెడల్ మెత్తబడిందని నిన్న ఇదే పోశానన్నా." డిక్కీలోంచి డబ్బా తీసి చూపించాను.

"గిది ఇంజన్ ఆయిల్. లోపల రబ్బర్లు ఉబ్బి పట్టేసినయ్. డబ్బా మీద రాసుంది గద, సదువలే?"

"కళ్ళజోడు మర్చిపోయానన్నా."

నాకు కళ్ళజోడు లేదు. అక్షరమూ రాదు.

ఆయన నవ్వలేదు. "బ్రేక్‌ల గూడ పోసినవా?"

"పోశాను."

"నేను గూడ కండ్లద్దాలు మర్సిన అనే చెప్తుంటి. గిట్లనే పోసిన. గుట్ట దిగుతుంటే జారుడుల బండి ఆగలే. అండ్ల మా అమ్మ ఉండె."

చక్రాల కింద రాళ్ళు పెట్టి, తలుపు తీసి, "దిగమ్మా" అన్నాడు. ఆమెను ఆటో ఎక్కించేదాకా రెండు బస్సులు వదులుకున్నాడు.

నా ఉద్యోగం పోయింది. నలభై ఆరో ఏట పలక పట్టాను.

ఆ రోజు అక్కడున్నది కోటయ్య అనే నేను, వెంకమ్మ గారు, పేరడగని ఆ పెద్దాయన. వాళ్ళమ్మను కూడా ఇక్కడ రాయాలని ఉంది. ఆమె పేరూ నాకు తెలియదు.